ట్రైకోడెర్మా విరిడి పొడి: సరుకు మంచిదే, పంపింది పాత స్టాక్ (3/5)

మాది ఆర్మూర్ దగ్గర, రెండెకరాల పసుపు. నిరుడు దుంపకుళ్ళు వచ్చి కింది మడి సగం పోయింది, ఆకులు అంచుల నుంచి ఎండుకుంట వచ్చినయ్, కాండం పట్టి గుంజితే చేతికే వచ్చేది, మొదలు మెత్తగా అయ్యి ఒకటే కంపు. అందుకే ఈసారి ముందుగాలనే ట్రైకోడెర్మా (కుళ్ళు తెచ్చే బూజును అణిచే మంచి బూజు) వేద్దామని నాలుగు కిలోలు తీసుకున్న, రెండు ఆన్‌లైన్ల, రెండు ఇక్కడి షాపుల. కంపెనీ ఒక్కటే, కవర్ ఒక్కటే.

ఎకరానికి 90 కిలోల మాగిన పెంట, 10 కిలోల వేపపిండి, 2 కిలోల పొడి లెక్కన కలిపి బెల్లం నీళ్ళు చల్లి, చెట్టు నీడకు రెండు కుప్పలు వేసి తడి గోనె బస్తాలు కప్పినం. ఎనిమిదో రోజు బస్తా లేపితే షాపు పొడి కలిపిన కుప్ప మీద తెల్ల బూజు, నడుమ నడుమ ఆకుపచ్చ పొడి, మంచి మట్టి వాసన. ఆన్‌లైన్‌ది మాత్రం వేసిన పెంట వేసినట్టే ఉంది!! అప్పుడు కవర్ వెతికి చూస్తే తయారై పది నెలలు. ముందే చూడకపోవుడు నా తప్పే అనుకోండి. ఏడాది దాకా వాడొచ్చని రాసుంది, గ్రాముకు 20 లక్షల కణాలని కూడా రాసుంది, కానీ ఇది బతికున్న బూజు కదా, యూరియా లెక్క ఎండకు గోడౌన్ల పడేస్తే ఏం మిగుల్తది? కస్టమర్ కేర్ వాళ్ళు ఎక్స్‌పైరీ కాలేదు, రిటర్న్ లేదన్నరు. బాపు అయితే "గోధుమపిండి తెప్పించినవా బిడ్డా" అని ఒకటే నవ్వుడు.

మళ్ళ కొనకుండ, మంచి కుప్పల నుంచి రెండు గంపలు తీసి పాలకు తోడేసినట్టు రెండోదాంట్ల కలిపి ఇంకో వారం కప్పినం, అది కూడా పట్టింది.

పై మడి ఇప్పటిదాకా పచ్చగనే ఉంది. కింద నీళ్ళు నిలిచే మూలల మాత్రం మళ్ళ కుళ్ళు వచ్చింది, కాలువ తీయకుండ పొడిని తిడితే ఏం లాభం, పైగా ఇది ముందు జాగ్రత్తకే, కుళ్ళిన దుంపను తిరిగి లేపదు. పక్క చేనాయన ఇదే వేసి వారం తిరగకముందే కార్బండజిమ్ అనే బూజు మందు పోసిండు, దానికి దుంపకుళ్ళు బూజు పోయిందో లేదో గానీ ట్రైకోడెర్మా మాత్రం ముందు చస్తది, ఇప్పుడు "నీ మాట వినే వేసిన" అని నామీదికి వస్తుండు.