‘కొత్త’ హైబ్రిడ్ డ్రైవ్ పేరుతో పాత హార్డ్‌డిస్క్: ల్యాప్‌టాప్ అప్‌గ్రేడ్ చేసుకునేవాళ్లు జాగ్రత్త

"1 టీబీ హైబ్రిడ్ డ్రైవ్, సీల్డ్ ప్యాక్, ఎస్‌ఎస్‌డీ స్పీడ్, హార్డ్‌డిస్క్ ధరకే" అంటూ ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటనల గురించి ఈ హెచ్చరిక. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేకుండా ఫ్లాష్ మెమరీ చిప్పులతో నడిచే వేగమైన డ్రైవ్. హైబ్రిడ్ అంటే తిరిగే హార్డ్‌డిస్క్‌కి కొంచెం ఫ్లాష్ తగిలించినది. అలాంటిదొకటి నేను కొన్నాను. వచ్చింది హైబ్రిడ్ కాదు, కొత్తదీ కాదు. డబ్బు వెనక్కి రాబట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పాత ల్యాప్‌టాప్‌ని ఇంకొన్నాళ్లు లాగిద్దామనుకునేవాళ్ల కోసమే ఈ వల వేస్తున్నారు కాబట్టి, ఆర్డర్ పెట్టే ముందు చదవండి.

హైబ్రిడ్ ఎందుకు ఎంచుకున్నానో ముందు చెబుతాను, లేకపోతే "ఎస్‌ఎస్‌డీ కొనొచ్చుగా" అంటారు. నా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, స్క్రీన్, కీబోర్డు అన్నీ బాగానే ఉన్నాయి. నత్తనడకంతా హార్డ్‌డిస్క్ వల్లే. డెస్క్‌టాప్ వచ్చి చాలాసేపయినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటుంది. లోపల 2.5 అంగుళాల డ్రైవ్‌కి ఒక్కటే చోటు, ఎం.2 స్లాట్ (చిన్న ఎస్‌ఎస్‌డీ కార్డు పెట్టే చోటు) లేదు. ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపి చిన్న ఎస్‌ఎస్‌డీలో పట్టవు, పెద్ద ఎస్‌ఎస్‌డీ నా బడ్జెట్‌లో లేదు. ఒకే డ్రైవ్‌లో చోటూ వేగమూ కావాలనుకునేవాళ్లకి హైబ్రిడ్ అనే మాట ఎంత ఊరిస్తుందో అమ్మేవాళ్లకి బాగా తెలుసు.

పార్సిల్ చూడ్డానికి పద్ధతిగానే ఉంది. యాంటీస్టాటిక్ కవరు, దాని మీద సీలు, డ్రైవ్ మీద మెరిసే లేబుల్, దాని మీద పెద్ద అక్షరాల్లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ, అంటే హైబ్రిడ్ డ్రైవ్ అని. ల్యాప్‌టాప్ విప్పకుండా ముందు యూఎస్‌బీ అడాప్టర్‌తో పెట్టి చూశాను. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే తేడా కొట్టింది. కొత్త డ్రైవ్ పెడితే దాన్ని ఇనీషియలైజ్ చేయమని (వాడకానికి సిద్ధం చేయమని) అడగాలి, మొత్తం ఖాళీగా చూపించాలి. దీంట్లో చివరన ఒక చిన్న రికవరీ పార్టిషన్ ఉంది! ల్యాప్‌టాప్ కంపెనీలు ఫ్యాక్టరీలో వేసి పంపే రకం అది. అంటే ఈ డ్రైవ్ అంతకుముందు ఇంకెవరి ల్యాప్‌టాప్‌లోనో పనిచేసింది. తుడిచి, లేబుల్ మార్చిన మనిషి ఆ ఒక్క పార్టిషన్ తీయడం మర్చిపోయాడు.

ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో నడిపాను. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామే, కానీ ఇలాంటప్పుడు దీన్ని మించింది లేదు. డ్రైవ్ తన ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఉన్న మోడల్ నంబర్‌ని, సీరియల్ నంబర్‌ని ఇది నేరుగా చదివి చూపిస్తుంది. లేబుల్ మీద ఒక మోడల్ ఉంటే ఇక్కడ ఇంకొకటి కనిపించింది. ఆ నంబర్‌తో వెతికితే మామూలు 5400 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 5400 చుట్లు తిరిగే) హార్డ్‌డిస్క్ అని తేలింది. ఫ్లాష్ మెమరీ మచ్చుకైనా లేదు. పవర్ ఆన్ అవర్స్ (డ్రైవ్ ఇప్పటిదాకా నడిచిన సమయం) దగ్గర వేల గంటలు ఉన్నాయి. సీరియల్ నంబర్‌ని తయారీ సంస్థ వారంటీ పేజీలో కొడితే, అది వేరే కంపెనీ కంప్యూటర్‌లో భాగంగా అమ్మిన డ్రైవ్ అనీ, విడిగా వారంటీ లేదనీ వచ్చింది.

ఇక అమ్మకందారుతో మొదలైంది అసలు కథ. మొదటి జవాబు: "అది ఓఈఎమ్ స్టాక్ సార్, అలాగే చూపిస్తుంది." ఓఈఎమ్ స్టాక్ (కంప్యూటర్ కంపెనీల కోసం చేసిన సరుకు) అయితే వారంటీ ఉండకపోవచ్చు, అంతవరకు ఒప్పుకోవచ్చు. వేల గంటలు తిరిగి ఉండటానికి, పేరే మారిపోవడానికి ఓఈఎమ్‌కీ సంబంధం ఏమిటి? రెండో జవాబు: "ఆ సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తుంది సార్, బయోస్‌లో చూడండి." బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే ల్యాప్‌టాప్ లోపలి ప్రోగ్రామ్‌లో) చూశాను. అక్కడా అదే మోడల్ పేరు, ఎందుకంటే బయోస్ అడిగేది కూడా ఆ డ్రైవ్‌నే. మూడోది నాకు భలే నచ్చింది: "సీలు తీశారు కాబట్టి రిటర్న్ లేదు." సీలు తీయకుండా లోపలున్నది ఏదో తెలుసుకునే విద్య నాకైతే రాదు.

కాస్త గట్టిగా అడిగితే వేరే డ్రైవ్ పంపారు. ఈసారి లేబుల్ మీదున్న మోడలే ఫర్మ్‌వేర్‌లోనూ ఉంది, నిజమైన హైబ్రిడ్డే. కానీ అదీ వాడిందే. కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్ సున్నా ఉండాల్సింది సున్నా లేదు, పక్కన పసుపు రంగులో 'కాషన్' అని వస్తోంది. అంటే కొన్ని సెక్టర్లు (డేటా రాసే చిన్న చిన్న గడులు) సరిగా చదవలేక డ్రైవ్ వాటిని అనుమానం జాబితాలో పెట్టిందన్నమాట. ఉన్నన్నాళ్లు దాన్నీ పరీక్షించి, స్క్రీన్‌షాట్లన్నీ జతచేసి, అమ్మకందారుని వదిలేసి నేరుగా చెల్లింపు వైపు నుంచి డిస్ప్యూట్ (డబ్బు వాపసు కోరే ఫిర్యాదు) వేశాను. డబ్బు అలా వచ్చింది. పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో, లేబుల్ ఫొటో, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో స్క్రీన్‌షాట్, ఈ మూడూ నా పక్షాన మాట్లాడాయి. ఫోన్‌లో ఎన్ని మాటలు చెప్పినా వాటికి విలువ లేదు, అమ్మకందారుతో మాట్లాడేదంతా చాట్‌లోనే ఉంచండి.

ఆ రెండో డ్రైవ్ పుణ్యమా అని అసలు హైబ్రిడ్ ఎలా పనిచేస్తుందో కళ్లారా చూశాను. మోసం లేకుండా నిజమైనదే దొరికినా "ఎస్‌ఎస్‌డీ స్పీడ్" అన్న మాటలో సగం కూడా నిజం లేదు, ఎందుకో చెబుతాను.

హైబ్రిడ్ డ్రైవ్ అంటే మామూలుగా తిరిగే హార్డ్‌డిస్కే, దానికి కొంచెం ఫ్లాష్ మెమరీ తగిలించారు. ఇంటి సామానంతా అటక మీద పెట్టి, రోజూ వాడే నాలుగు వస్తువులు చేతికందే అరలో పెట్టుకున్నట్టు. ఆ అర ఎంతదన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. ల్యాప్‌టాప్‌లలో వీటికి పేరు తెచ్చిన సీగేట్ మొమెంటస్ ఎక్స్‌టీ 2010లో వచ్చింది. 500 జీబీ మోడల్, 7200 ఆర్‌పీఎమ్, 4 జీబీ ఫ్లాష్. 2011లో 750 జీబీకి 8 జీబీ పెట్టారు. 2013లో వచ్చిన తరం 1 టీబీకి ఎదిగింది, ఫ్లాష్ మాత్రం 8 జీబీనే, పైగా వేగం 5400కి దించారు. ఆ తర్వాత 2 టీబీ ఫైర్‌కుడా వచ్చినా అదే 8 జీబీ. విండోస్ 11కి కనీసం 64 జీబీ స్టోరేజ్ కావాలని మైక్రోసాఫ్టే చెబుతోంది. 8 జీబీలో ఏం పడుతుందో మీరే ఊహించుకోండి.

ఆ 8 జీబీలో ఏముండాలో మనం నిర్ణయించలేం. అది మనకి వేరే డ్రైవ్‌గా కనిపించదు. ఏ బ్లాకుల్ని మళ్లీ మళ్లీ చదువుతున్నామో డ్రైవే గమనించి వాటి నకళ్లు ఫ్లాష్‌లో పెట్టుకుంటుంది. అందుకే విండోస్ వేసిన కొత్తలో తేడా ఏమీ తెలియదు. రెండు మూడుసార్లు రీస్టార్ట్ చేశాక బూటింగ్ వేగం పెరుగుతుంది, రోజూ తెరిచే బ్రౌజర్ చురుగ్గా వస్తుంది. నాకూ అలాగే జరిగింది, అంతవరకు సంతోషమే. కానీ ఎప్పుడో ఒకసారి తెరిచే ఫొటో ఫోల్డర్, కొత్తగా ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్, విండోస్ అప్‌డేట్, ఇవన్నీ తిరిగే పళ్లెం మీద నుంచే రావాలి. పెద్ద అప్‌డేట్ పడ్డ రోజున కథ మళ్లీ మొదటికొస్తుంది.

తిరిగే పళ్లేనికి ఉన్న ఇబ్బంది లెక్కలోనే ఉంది. నిమిషానికి 5400 చుట్లంటే ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు డేటా చదివే హెడ్ కిందకి రావడానికి సగటున అందులో సగం, హెడ్ ఆ ట్రాక్ మీదకి జరగడానికి ఇంకో పదీ పన్నెండు. ఎస్‌ఎస్‌డీలో ఇదే పని మిల్లీసెకనులో పదో వంతులోపే అయిపోతుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో తెరిచే విండోస్‌కి ఈ తేడా ప్రాణసంకటం.

ఇంకో సంగతి ప్రకటనలో ఎవరూ రాయరు. కొత్త తరం 2.5 అంగుళాల పెద్ద హార్డ్‌డిస్కులు చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం. ట్రాకుల్ని పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాస్తారు. చోటు కలిసొస్తుంది గానీ, ఉన్నదాని మీద తిరగరాయాలంటే పక్క ట్రాకుల్ని కూడా మళ్లీ రాయాలి. పెద్ద కాపీ మొదలుపెడితే కాసేపు పరుగెత్తి ఆ తర్వాత పాకడం మొదలెడుతుంది. ఈ సంగతి స్పష్టంగా చెప్పకుండానే కొన్ని మోడళ్లు అమ్మారని 2020లో పెద్ద రచ్చే అయింది. ఆ తర్వాత కంపెనీలు ఏది ఎస్‌ఎంఆరో చెబుతూ జాబితాలు బయటపెట్టాయి. మోడల్ నంబర్ అడిగి అందులో వెతకండి. మోడల్ నంబర్ చెప్పకుండా "1 టీబీ హైబ్రిడ్" అని మాత్రమే రాసే ప్రకటన జోలికి అసలు పోవద్దు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్లు ఏం చేయాలంటే, డ్రైవ్ చేతికి రాగానే లోపల బిగించకండి, విండోస్ క్లోన్ చేయకండి (పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు దీంట్లోకి కాపీ చేయకండి). యూఎస్‌బీతో పెట్టి మోడల్, సీరియల్, పవర్ ఆన్ అవర్స్ చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో విండోలో కింద కనిపించే పట్టికలో 05, సీ5, సీ6 వరసలు (చెడిపోయిన, చదవలేని సెక్టర్ల లెక్కలు) సున్నా ఉండాలి. ఆ పట్టికలో రా విలువలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, చూసి కంగారు పడొద్దు, సెట్టింగుల్లో దశాంశానికి మార్చుకోవచ్చు. అలాగని గంటలు సున్నా ఉన్నాయి కదా అని పూర్తిగా నమ్మనూ వద్దు. స్మార్ట్ లెక్కల్ని (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే అంకెల్ని) చెరిపేసేవాళ్లున్నారు. 2025 మొదట్లో వాడేసిన సర్వర్ డ్రైవులు కొత్తవాటి ముసుగులో మార్కెట్లోకి వచ్చినప్పుడు స్మార్ట్‌లో గంటలు చెరిపేసి ఉన్నాయి, సీగేట్ డ్రైవుల్లో ఉండే ఫార్మ్ అనే లోపలి లాగ్‌లో మాత్రం అసలు గంటలు దొరికాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ కొత్త వెర్షన్లు ఆ లాగ్ చదువుతాయి గానీ, అన్ని డ్రైవుల్లోనూ అది ఉండదు. కాబట్టి కనెక్టర్ పిన్నుల మీద గీతలు, స్క్రూ రంధ్రాల్లో అరిగిన మరలు కూడా చూడండి. వాడిన డ్రైవ్ అక్కడ దొరికిపోతుంది.

మందం కూడా చూసుకోవాలి. పాత హైబ్రిడ్‌లు చాలావరకు 9.5 మి.మీ. మందం, పల్చటి ల్యాప్‌టాప్‌లలో బే (డ్రైవ్ పెట్టే చోటు) 7 మి.మీ. మాత్రమే ఉంటుంది. బలవంతంగా నొక్కితే దిగేది కాదు.

డబ్బు వచ్చాక నేను చేసింది చెబుతాను, అందరికీ సరిపడకపోవచ్చు. చిన్న సాటా (2.5 అంగుళాల హార్డ్‌డిస్క్ తగిలే కనెక్షనే) ఎస్‌ఎస్‌డీ కొని విండోస్ దాంట్లో వేశాను. పాత హార్డ్‌డిస్క్‌ని డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ చోట క్యాడీలో (డీవీడీ డ్రైవ్ ఆకారంలో ఉండే ఫ్రేమ్‌లో) పెట్టాను. క్యాడీలు 9.5, 12.7 మి.మీ. రెండు సైజుల్లో వస్తాయి, డీవీడీ డ్రైవ్ మందం కొలిచి కొనండి. డీవీడీ లేని మోడల్ అయితే ఫొటోలు బయటి యూఎస్‌బీ డిస్క్‌లో పెట్టుకోవడమే. పాత ల్యాప్‌టాప్‌లో సాటా 2 (సాటాలో పాత, నెమ్మది రకం) మాత్రమే ఉందని ఎస్‌ఎస్‌డీ వద్దనుకునేవాళ్లున్నారు. పెద్ద ఫైలు కాపీ సెకనుకి 300 ఎంబీ దాటదు, నిజమే. కానీ మనల్ని విసిగించేది చిన్న ఫైళ్ల ఆలస్యం, అది సాటా 2 మీద కూడా పోతుంది. బయోస్‌లో ఏహెచ్‌సీఐ మోడ్ (సాటా డ్రైవ్‌ని పూర్తిగా వాడుకునే సెట్టింగ్) ఉందో లేదో ఒకసారి చూసుకుంటే చాలు.

చివరిగా, వచ్చిన డ్రైవ్‌లోకి ఇప్పటికే మీ డేటా కాపీ చేసి, ఇప్పుడు వెనక్కి పంపబోతున్నవాళ్లుంటే ఒక్క నిమిషం ఆగండి. క్విక్ ఫార్మాట్ చేసినా ఫైళ్లు లోపలే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తీయగలరు. స్క్రీన్‌షాట్లన్నీ తీసుకున్నాక, విండోస్‌లో క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. విస్టా నుంచి విండోస్ ఇలా చేసినప్పుడు ఆ పార్టిషన్ మొత్తం మీద సున్నాలు రాస్తుంది. క్లోన్ చేసి ఉంటే ఒక్క పార్టిషన్‌తో సరిపోదు, ముందు అన్నీ తీసేసి మొత్తం డిస్క్‌ని ఒకే పార్టిషన్‌గా చేసి ఫార్మాట్ చేయండి. 1 టీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టేసి పడుకోండి. పార్సిల్ కట్టేముందు సీరియల్ నంబర్ కనిపించేలా ఇంకో ఫొటో కూడా తీసి ఉంచండి, "మేం పంపింది ఇది కాదు" అని అనకుండా.