క్రిటాలో బ్యాక్‌గ్రౌండ్ టైళ్లు: నర్సాపురం లేసు మీద పెట్టి చూశాక

నేను చేసేవి చిన్న సైట్లు. భీమవరంలో రొయ్యల మేత డీలర్లు, ఆత్రేయపురం పూతరేకుల వాళ్లు, నర్సాపురం చుట్టుపక్కల లేసు ఎగుమతి చేసేవాళ్లు. పేజీ వెనకాల తెల్లగా వదిలేస్తే ఒక్కరూ ఒప్పుకోరు. "బోసిగా ఉందండీ" అంటారు. అందుకే అతుకు కనపడని టైళ్లతో, అంటే పేజీ వెనకాల పక్కపక్కనే పరిచే చిన్న బొమ్మ ముక్కలతో, ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నాను. వాటిని గీయడానికి నాకు నచ్చింది క్రిటా, బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్.

రెడీమేడ్ వాటి సంగతి ముందే తేల్చేస్తాను. 2011లో ఆట్లె మో మొదలుపెట్టిన సటిల్ ప్యాటర్న్స్ సైట్లోని టైళ్లు ఇప్పటికీ పనికొస్తాయి. లేత బూడిద రంగు, కనపడీ కనపడనట్టుంటాయి. రంగు మార్చుకోవాలంటే హీరో ప్యాటర్న్స్ అనే సైటు మేలు. అన్నీ ఎస్‌వీజీలే (చుక్కలతో కాకుండా గీతల లెక్కలతో దాచే బొమ్మలు) కాబట్టి ఎంత పెద్ద స్క్రీన్ మీదైనా అంచులు మసకబారవు. డబ్బు పెట్టి కొన్న ఒక ప్యాక్ మాత్రం శుద్ధ దండగ. సీమ్‌లెస్ (అతుకు లేనిది) అని రాసున్న చెక్క టెక్స్చర్‌ని పరిస్తే ప్రతి టైలు అంచునా గీతే. కొనేముందు శాంపిల్‌ని అడ్డం మూడు, నిలువు మూడు పరిచి చూసుకోండి.

సొంతంగా చేసుకోవాల్సి వచ్చినప్పుడే అసలు పని. లేసు వాళ్ల సైటుకి వాళ్ల అల్లికనే పరుద్దామనుకున్నాం. క్రోషేలో పువ్వు తర్వాత అదే పువ్వు వస్తుంది కదా, ఒకటి కత్తిరిస్తే చాలనిపిస్తుంది. చేత్తో అల్లింది కదండీ, ఏ రెండు పువ్వులూ ఒక్క కొలతలో ఉండవు. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్లో టైల్ సీమ్‌లెస్ ఫిల్టర్ బొమ్మని జరిపి దాని మీదే కలిపేస్తుంది. ఇసుకకీ, వరిగడ్డికీ బాగానే ఉంటుంది గానీ, లేసులో దారాలన్నీ రెండేసి కనపడ్డాయి. ఇక ఆఫ్‌సెట్ పద్ధతే దిక్కు. బొమ్మని అడ్డంగా, నిలువుగా సగం జరిపితే అంచులు మధ్యకొస్తాయి, వాటిని హీల్ టూల్‌తో (చుట్టుపక్కల భాగంతో మచ్చని కప్పే పనిముట్టు) పూడ్చుకోవాలి.

అక్కడే క్రిటా నా మనసు దోచింది. డబ్ల్యూ కీ నొక్కగానే బొమ్మ నాలుగు వైపులా పరుచుకుంటుంది. కుడి అంచు దాటించి దారం గీస్తే ఎడమ అంచులోంచి లోపలికొస్తుంది. అల్లిక కలిసిందో లేదో గీస్తుండగానే తెలిసిపోతుంది. ఒకటే ఇబ్బంది, దీనికి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (బొమ్మ చూపించే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగు) ఆన్‌లో ఉండాలి. పాత ల్యాప్‌టాపుల్లో మొరాయిస్తుంది.

అతుకు పోయినా పని అయిపోదు. ఎగుమతి చూసుకునే ఆవిడ పేజీ తెరిచి, "ఏవండీ, ఆ మూల ముడి వదిలేసినట్టుందేంటి? మా ఆడాళ్లు అలా వదలరండీ" అన్నారు. ఉన్నది ఒక్క ముడే, స్క్రీన్ నిండా వరసకట్టి అదే. అతుకు కన్నా ఇదే ఎక్కువ కంట్లో పడుతుంది. టైలు పెద్దది చేసుకుని, కొట్టొచ్చినట్టు కనపడే ప్రతిదాన్నీ చెరిపేయడమే దీనికి మందు. ఫొటో ఎండలో కాకుండా వరండా నీడలో తీయాలి. ఒక పక్క వెలుతురు ఎక్కువైందంటే పరిచాక చారలు తేలతాయి.

తెలుగు అక్షరాల వెనకాల మాత్రం ఏ టెక్స్చరూ పెట్టకండి. వత్తులూ గుడులూ సన్నటి గీతలు. నలుసుల టైలు మీద 'ద' కింద ఒక చుక్క పడితే ఫోన్లో 'ధ' అయి కూర్చుంటుంది. నేను టెక్స్చర్‌ని పైనా పక్కలా ఉంచి, రాత కింద ఒకే రంగు వేస్తాను. ఇంగ్లీషు సైట్లలో చూసి, మాకూ అలాగే కావాలనే వాళ్లకి ధరల పట్టీని ఫోన్లో తెరిచి చూపిస్తే చాలు, ఇంకేం వాదించరు.

టైలు కొలత సీఎస్ఎస్‌లో (పేజీ రూపురేఖలు రాసే కోడ్) పూర్తి పిక్సెళ్లలోనే ఇవ్వండి. శాతాల్లో ఇస్తే కొన్ని ఫోన్లలో టైళ్ల మధ్య వెంట్రుకవాసి గీత కనపడుతుంది. అప్పుడు క్రిటాలో ఎంత కష్టపడి కలిపినా బూడిదలో పోసిన పన్నీరే.