పిల్లాడు బండితో గుద్దితే కన్నవాళ్లకు జైలా, పరిహారమా, మందలింపా: ఏది మేలు?

తిరుపతిలో మా వీధి చివరింట్లో గడప దాటగానే గోడకు వెంకన్న క్యాలెండరు, దాని కింద ఒక మేకు, ఆ మేకుకు స్కూటీ తాళం ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి చదివే ఆ ఇంటి పిల్లాడు పెరుగు ప్యాకెట్ తెచ్చేదానికని ఆ తాళం తీసుకుని పోయినాడు. కొర్లగుంట దగ్గర మలుపులో పూలమ్ముకునే ముసలమ్మను గుద్దేశాడు. ఆమెకు తొడ ఎముక విరిగింది. ఆటోలో రుయా ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారి పొడుగునా ఒకటే మాట: "గంపలో కనకాంబరాలు వాడిపోతాయి నాయనా, ఎవరన్నా నీళ్లు చల్లినారా?"

ఆ రాత్రి పెద్దమనుషులు కూర్చున్నారు. కేసు పెడితే పిల్లాడి బతుకు పాడవుతుందని తలా ఒక మాట అన్నారు. చివరికి 15,000 రూపాయలు ఆమె కొడుకు చేతిలో పెట్టి పంపేశారు. మూడు నెలలైంది. ఆమె ఇంకా మంచం మీదే ఉంది.

ఇలాంటప్పుడు కన్నవాళ్లను చట్టం ఎలా పట్టుకోవాలి? మూడు దారులున్నాయి.

మొదటిది జైలు. మోటారు వాహనాల చట్టంలో 199ఏ అనే సెక్షన్ 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో నిరూపించుకునే భారం కూడా తల్లిదండ్రుల మీదే. 16 నిండితే గేర్లు లేని 50 సీసీ లోపు బండి నడపొచ్చు కానీ, ఇప్పుడు ఇళ్లలో ఉండే స్కూటీలు దాదాపు అన్నీ అంతకు మించినవే.

రాసుకోవడానికి గట్టి చట్టమే. కానీ అంత గట్టిది కాబట్టే మా వీధిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. రోజూ ముఖాలు చూసుకునే చోట పక్కింటాయనను మూడేళ్లు లోపల వేయించాలని ఎవరికుంటుంది? అందుకే గాయపడిన మనిషి నోరే మూయించారు. ఇంకో సంగతి. తిరుపతిలో ఎన్ని కుటుంబాలు కొండకు టాక్సీ తోలి బతుకుతున్నాయో మనకు తెలుసు. 15 ఏళ్ల పిల్లాడికి పదేళ్లు లైసెన్స్ లేదంటే అలాంటి ఇంట్లో కూడు తీసేసినట్టే. రేణిగుంట ఫ్యాక్టరీలో షిఫ్టుకు తెల్లవారుజామునే బస్సెక్కే తల్లి కొడుకు మీద ఎక్కడి నుంచి కన్నేసి ఉంచుతుంది? ఇంట్లో లేకపోవడం వేరు, తెలిసి తాళం ఇవ్వడం వేరు. ఈ రెండింటినీ ఒకే కాటాలో తూచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అలాగని జైలు అసలే వద్దని అనలేను. 2024 మేలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు ఖరీదైన కారుతో గుద్దితే ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. అంత డబ్బున్న ఇంటికి పరిహారం ఒక లెక్కా? అక్కడ తండ్రిని అరెస్టు చేయడం సబబే.

మందలింపు, కౌన్సెలింగ్ రెండో దారి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, మైనర్ల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు పిల్లాడికి బుద్ధి చెప్పి ఇంటికి పంపొచ్చు, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇప్పించొచ్చు, వాళ్లతో జరిమానా కట్టించొచ్చు. పుణె కేసులో మొదట 300 పదాల వ్యాసం రాయమని బెయిలిచ్చినప్పుడు దేశమంతా మండిపడింది. ప్రాణాలు పోయిన చోట ఆ కోపం న్యాయమైనదే. ఎవరికీ దెబ్బ తగలకుండా మొదటిసారి పట్టుబడిన పిల్లాడికి మాత్రం ఇదే సరైనదని నా నమ్మకం. బాల కార్మిక చట్టంలోనూ పిల్లల్ని పనికి పంపిన తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష లేదు. మళ్లీ చేస్తేనే 10,000 దాకా జరిమానా.

మూడోది పరిహారం. నా మొగ్గు దీని వైపే, ఎందుకంటే ఈ ఒక్క దారిలోనే ముసలమ్మ కనిపిస్తుంది. 2011లో సుప్రీంకోర్టుకు ఇలాంటి కేసే వచ్చింది. మైనర్ పిల్లాడు చెప్పకుండా బైక్ తీసుకుపోయాడు, నా తప్పేముందని యజమాని వాదించాడు. బండి దుర్వినియోగం కాకుండా చూసుకోవాల్సింది నువ్వేనని కోర్టు తేల్చింది. లైసెన్స్ లేని మైనర్ నడిపినా ఇన్సూరెన్స్ కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకునేలా కోర్టులు ఆదేశించడం కూడా ఉంది. అంటే గాయపడినవాళ్లు చేయి చాచి అడుక్కోనక్కర్లేదు, మేకుకు తాళం తగిలించినవాడు తప్పించుకోనూ లేడు. ఆలస్యం ఒక్కటే దీనికున్న పెద్ద లోపం. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఏళ్లు పట్టొచ్చు.

దీనికి 199ఏలోని ఒక్క ముక్క కలిపితే చాలు: ఏడాది పాటు బండి మూలన పడాలి. అది ఉన్నవాడికీ లేనివాడికీ తగులుతుంది. తెలిసి తాళమిచ్చి ప్రాణం పోతే, లేదా ఒకసారి చెప్పినా మళ్లీ ఇస్తే, అప్పుడు జైలు.

అసలు గేటు దగ్గరే ఆపేస్తే ఇవేవీ అక్కర్లేదు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైంది. తర్వాత టీటీడీ మధ్యాహ్నం రెండు దాటితే 15 ఏళ్లలోపు పిల్లలను ఆ దారిలోకి పంపలేదు. కన్నవాళ్ల జాగ్రత్త మీదే వదిలేయకుండా దారి మొదట్లోనే మనిషిని పెట్టి ఆపారు. స్కూల్ గేటు దగ్గర, ట్యూషన్ సెంటర్ ముందు అంత పట్టుదల ఎందుకుండదు? సాయంత్రం ట్యూషన్ వదిలే వేళకు ఒక్కో స్కూటీ మీద ముగ్గురు పిల్లలు వెళ్తుంటే చూస్తున్నాం కదా.

పరిహారం దరఖాస్తుకు చట్టంలో రాసిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. సంక్రాంతి నుంచి లెక్కేస్తే ఆమెకు ఇంకా సమయం ఉంది. రుయా చీటీ, ఎక్స్‌రే ప్లాస్టిక్ కవర్లో చుట్టి తలగడ కింద దాచుకుంది. స్టేషన్‌లో ఫిర్యాదు రాయించడానికి ఆమె కొడుకు సోమవారం పోతున్నాడు. నేనూ వెంట వస్తానని చెప్పాను.