స్టాట్‌బాటిక్స్: ఎదుటి అలయన్సు బలాన్ని పట్టించుకునే రేటింగు సైటు

హైస్కూలు విద్యార్థులు తాము తయారుచేసిన రోబోలతో ఆడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో, ర్యాంకులు తేల్చే క్వాలిఫికేషన్ మ్యాచ్‌లలో మూడేసి జట్లు ఒక అలయన్సుగా తలపడతాయి. ఎవరికి ఎవరు తోడో, ఎవరికి ఎవరు ఎదురో షెడ్యూలే తేలుస్తుంది. ఒక ఈవెంట్‌లో ఒక్కో జట్టు ఆడేది పది, పన్నెండు మ్యాచ్‌లే కనుక కష్టమైన షెడ్యూలు పడిన జట్టు ఆ లోటును పూడ్చుకోవడం కష్టం. అధికారిక ర్యాంకింగు దీన్ని లెక్కచేయదు. 2025 సీజన్‌లో గెలుపుకు 3 ర్యాంకింగ్ పాయింట్లు వచ్చాయి. ఓడించింది ఆ ఈవెంట్‌లోకెల్లా గట్టి అలయన్సునైనా, మైదానంలో కదలకుండా ఆగిపోయిన రోబోలనైనా అంతే.

స్టాట్‌బాటిక్స్ విలువ ఇక్కడే తెలుస్తుంది. ఈ ఉచిత, ఓపెన్ సోర్స్ సైటు 2002 నుంచి జరిగిన మ్యాచ్‌ల ఆధారంగా ప్రతి జట్టుకూ ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్, అంటే ఆ జట్టు అలయన్సు స్కోరుకు చేర్చగల పాయింట్ల అంచనా) అనే అంకెను ఇస్తుంది. మూడు జట్ల ఈపీఏలను కూడితే ఆ అలయన్సు చేయవలసిన స్కోరు వస్తుంది. అసలు స్కోరు అంతకు మించితే మూడింటి రేటింగూ పెరుగుతుంది, తగ్గితే పడిపోతుంది. రెండు అలయన్సుల మొత్తాల తేడానుబట్టి గెలుపు అవకాశాన్ని లెక్కగడుతుంది కాబట్టి, ఎదుటివారి బలం అంచనాలో ముందే చేరిపోతుంది. చాలామంది వాడే మరో రేటింగు ఓపీఆర్ (అఫెన్సివ్ పవర్ రేటింగ్), అలయన్సుల స్కోర్లను సమీకరణాలుగా పేర్చి ఒక్కో జట్టు వాటాను సాధిస్తుంది. అందులో ప్రత్యర్థి ప్రసక్తే ఉండదు, పైగా తొలి మ్యాచ్‌లలో దాని అంకెలు నమ్మదగినవి కావు. ఈపీఏ పాత సీజన్ల ఫలితాలతో మొదలవుతుంది కనుక ఆ ఇబ్బంది తక్కువ. ఆటో (రోబో తనంతట తాను ఆడే భాగం), టెలీఆప్ (డ్రైవర్లు నడిపే భాగం), ఎండ్‌గేమ్ (మ్యాచ్ చివరి ఘట్టం) అంటూ ఈపీఏను విడివిడిగా చూపడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

లోపం డిఫెన్స్ దగ్గర ఉంది. ఎదుటివారి స్కోరును అడ్డుకున్న రోబోకు దక్కవలసిన ఘనత ఈపీఏలో సరిగా కనబడదు, కాగా తాను స్కోరు చేయడం మాని అడ్డుపడిన పాపానికి ఆ మంచి జట్టు రేటింగే కొంత తగ్గుతుంది. వెక్స్ అనే మరో విద్యార్థి రోబో పోటీల పద్ధతిలోనూ ఇలాంటి చిక్కే ఉంది: అక్కడ ఓడిన అలయన్సు స్కోరును షెడ్యూల్ బలం పాయింట్లుగా ఇరుపక్షాలకూ ఇచ్చి టై విడదీయడానికి వాడతారు, కాబట్టి ప్రత్యర్థిని గట్టిగా కట్టడి చేసి గెలిచినవారికి ఆ పాయింట్లు తగ్గుతాయి. ఆ మాటకొస్తే ప్రత్యర్థి బలాన్నీ, ఆ రోజు ప్రత్యర్థి చేసిన స్కోరునూ ఒకటిగా చూడడం నాకు సబబుగా తోచదు.

అమెరికాలో ఈ జట్లలో ఉన్న మన పిల్లలు అలయన్స్ సెలెక్షన్‌కు (ప్లేఆఫ్‌లకు తోటి జట్లను ఎంచుకునే ఘట్టానికి) పిక్ లిస్టు, అంటే ఎంచుకోదలచిన జట్ల జాబితా, రాసేటప్పుడు ముందుగా ఈపీఏతో వరుస పెట్టుకుని, డిఫెన్స్, మధ్యలో ఆగిపోయే అలవాటు వంటివాటికి మ్యాచ్‌లు చూసి తాము రాసుకున్న స్కౌటింగ్ నోట్సునే నమ్ముకోవాలని నా సలహా.