బాలనెరుపుకు నీలి ఆకు పొడి: ఆరేళ్ల వాడకం తరువాత

ఇరవై రెండో ఏట కణతల దగ్గర మొదలైన బాలనెరుపును కప్పుకోవడానికి ఆరేళ్లుగా ముందు గోరింటాకు, దానిపైన నీలి ఆకు పొడి పెట్టుకుంటున్నాను. గోరింటాకు సంగతి అందరికీ తెలిసిందే కనుక, మొదట నన్ను ఏడిపించి ఆ తరువాత ఆకట్టుకున్న నీలి ఆకు గురించే రాస్తాను.

తొలిసారి తప్పు నాదే. గోరింటాకు రాత్రంతా నానితే రంగు బాగా దిగుతుంది కదా అని, నీలి ఆకు పొడిని కూడా రాత్రే కలిపి ఉంచాను. పొద్దున రెండు గంటలు పట్టించి కడుక్కున్నాక చూస్తే, తెల్లవెంట్రుకలన్నీ గోరింటాకు ఇచ్చిన నారింజ రంగులోనే మెరుస్తున్నాయి. ఆకులోని ఇండికాన్ నీళ్లు తగిలాక విడిపోయి రంగులేని ఇండాక్సిల్‌ అవుతుందనీ, అది వెంట్రుకలోకి చేరిన తరువాత గాలి సోకి నీలంగా మారాలనీ ఆ తరువాతే తెలిసింది. రాత్రంతా నానబెట్టడం వల్ల ఆ మార్పంతా గిన్నెలోనే జరిగిపోయింది; నీళ్లలో కరగని నీలం ఇక వెంట్రుకలోకి దిగదు.

రెండోసారి గోరువెచ్చని నీళ్లతో కలిపి, పదిహేను నిమిషాల్లోనే పట్టించాను. కడిగి అద్దంలో చూసుకుంటే కణతలు పాచిపట్టిన గోడలా ఆకుపచ్చగా ఉన్నాయి. వెంటనే రసాయన రంగు తెచ్చి దానిపై పులిమేద్దామన్నంత దిగులు కలిగింది కానీ, బయటికి వెళ్లే ఓపిక లేక పడుకున్నాను. ఆ బద్ధకమే మేలు చేసింది. మర్నాటికి పచ్చదనం ముదురు గోధుమ రంగులోకి తిరిగింది, రెండో రోజు సాయంత్రానికి నలుపైంది.

నలుపు అన్నాను కానీ, ఎండలో నిలబడితే ఎర్రటి జీర కనిపిస్తూనే ఉంటుంది. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మూడు వారాలకే కుదుళ్లలో తెలుపు తొంగిచూస్తుంది. కొసలు కూడా గరుకుబారాయి. అందుకే ఇప్పుడు కుదుళ్లకే పెడుతున్నాను.

గుంటగలగర నూనె మూడేళ్లు రాశాను. జుట్టు మెత్తబడిన మాట నిజమే, ఒక్క తెల్లవెంట్రుక నల్లబడిన గుర్తు మాత్రం లేదు. రక్తపరీక్షలో బీ12 లోపం బయటపడి మందులు వాడాక కొత్తగా నెరవడం తగ్గినట్టు అనిపించింది కానీ, అది మందు వల్లనేనని గట్టిగా చెప్పలేను.

నల్ల గోరింటాకు పేరుతో వచ్చే పొడుల జోలికి నేను పోను. అరగంటలో కారునలుపు ఇచ్చే వాటిలో పీపీడీ అనే రసాయనం కలిసి ఉండవచ్చు, కొందరికి అది తీవ్రమైన దద్దుర్లు తెప్పిస్తుంది. ఉత్త ఆకు పొడినైనా సరే, కొత్తది కొన్నప్పుడల్లా చెవి వెనుక కొద్దిగా రాసి రెండు రోజులు ఆగుతాను.

నా నెరుపు కణతలకే పరిమితం, సెలవురోజున నాలుగు గంటలు కేటాయించగలను, కాబట్టి నాకిది సరిపోయింది. ఇదే నెరుపు తలంతా పాకితే ఇంత ఓపిక మిగులుతుందో లేదో తెలియదు.