తొమ్మిదేళ్లుగా కాంగో రెడ్ స్లైడును ఫ్లోరోసెన్స్ కింద చూస్తున్నాను

కిడ్నీ బయాప్సీలు చదవడం నా రోజువారీ పని. అమిలాయిడ్ (తప్పుగా మడతపడ్డ ప్రోటీన్ పోగులుగా పేరుకున్న నిల్వ) అనుమానం వచ్చి కాంగో రెడ్ రంగు వేసిన ప్రతి స్లైడునూ తొమ్మిదేళ్లుగా రెండుసార్లు చూస్తున్నాను. ముందు పోలరైజర్ (వెలుతురును ఒకే దిశలో కంపించేలా చేసే ఫిల్టర్) కింద, ఆ తర్వాత ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులో టీఆర్‌ఐటీసీ ఫిల్టర్ (ఆకుపచ్చ వెలుతురు పంపి, స్లైడు తిరిగి వెదజల్లే నారింజ-ఎరుపు వెలుగును చూపేది) పెట్టి. రెండో పద్ధతి గురించే ఈ సమీక్ష.

కాంగో రెడ్ మొదట్లో నూలు బట్టలకు వేసే రంగు. 1922లో బెన్‌హోల్డ్ అది అమిలాయిడ్‌ను పట్టుకుంటుందని చూపించాడు. పోలరైజ్డ్ వెలుతురులో ఆ రంగు మెరుస్తుందని 1927లో దివ్రీ, ఫ్లోర్కిన్ గమనించారు. మనం రిపోర్టుల్లో రాసే యాపిల్ ఆకుపచ్చ అక్కడి నుంచే వచ్చింది. వినడానికి బాగుంటుంది కానీ, చిన్న నిల్వలున్న కేసులో దాన్ని చూడాలంటే కళ్లు కాయలు కాస్తాయి. గది చీకటి చేయాలి, దీపం పూర్తిగా పెంచాలి, కాసేపు కళ్లను అలవాటు పడనివ్వాలి, పోలరైజర్‌ను అటూ ఇటూ తిప్పాలి. ఇంత చేశాక కనిపించేది ఆకుపచ్చా, లేక కొలాజెన్ (కణజాలంలో మామూలుగా ఉండే నార ప్రోటీన్) తెల్లటి మెరుపా అని మళ్లీ అనుమానం.

ఫిల్టర్ మార్చగానే ఈ తిప్పలు చాలావరకు పోయాయి. నల్లటి నేపథ్యం మీద అమిలాయిడ్ నారింజ-ఎరుపు రంగులో నిప్పుకణికలా వెలుగుతుంది. నాకు నమ్మకం కుదిర్చిన కేసు ఇంకా కళ్లముందే ఉంది. మూత్రంలో ప్రోటీన్ బాగా పోతోంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది. గ్లోమెరులస్‌లు (రక్తాన్ని వడపోసే సన్నటి రక్తనాళాల గుచ్ఛాలు) చూస్తే దాదాపు నార్మల్. మినిమల్ చేంజ్ (మామూలు మైక్రోస్కోపులో మార్పు కనిపించని కిడ్నీ జబ్బు) అని రాసేసేవాడినే. పోలరైజర్ కింద కూడా ఏమీ తేల్చుకోలేకపోయాను. టీఆర్‌ఐటీసీ పెట్టగానే బయాప్సీ ముక్క చివర ఒక చిన్న ధమని గోడ మొత్తం వెలిగింది. పక్క గ్లోమెరులస్ మెసాంజియంలోనూ (ఆ రక్తనాళాల మధ్య ఉండే కణజాలం) రెండు మూడు సన్నటి గీతలు. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌లో (మెరిసే యాంటీబాడీలతో ప్రోటీన్లను గుర్తించే పరీక్ష) లాంబ్డా మాత్రమే పట్టింది; యాంటీబాడీల్లో ఉండే రెండు రకాల తేలిక గొలుసుల్లో ఇదొకటి, రెండోది కాపా. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ వచ్చాక చూస్తే 10 నానోమీటర్ల దరిదాపుల్లో, కొమ్మలు లేని, చిందరవందరగా పడి ఉన్న పోగులు. నెఫ్రాలజిస్ట్‌కు ఫోన్ చేసి చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం వణుకు ఉందనే చెప్పాలి.

అయితే వెలిగిందల్లా అమిలాయిడ్ కాదు. మొదటి ఏడాది ఒక ధమని లోపలి ఎలాస్టిక్ పొరను చూసి సంబరపడిపోయాను. అది అలలు అలలుగా ఉన్న గీత అని మా సీనియర్ నవ్వుతూ చూపించారు. ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) కూడా కాంగో రెడ్ తాగి మోసం చేస్తాయి. అందుకే ఇప్పుడు అనుమానం వస్తే రంగు వేయని సెక్షన్ ఒకటి పక్కన పెట్టుకుని, అది దానంతటదే వెలుగుతోందా అని చూస్తాను. ఫ్లోరోసెన్స్ ఒక్కదాన్నే నమ్మి పాజిటివ్ అని ఇప్పటిదాకా రాయలేదు. అదే చోట పోలరైజర్‌లో పచ్చదనం దొరకాలి, లేదా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీలో పోగులు కనిపించాలి.

ఇంకో సంగతి సెక్షన్ మందం. కిడ్నీ ల్యాబుల్లో 2-3 మైక్రాన్ల సన్నటి కోతలు అలవాటు. కాంగో రెడ్‌కు మాత్రం 8-10 మైక్రాన్లు కావాలి. ఒకసారి టెక్నీషియన్ మార్పులో ఈ మాట చెప్పడం మరిచిపోయాం. వరసగా కొన్ని స్లైడులు నెగెటివ్ వచ్చాక గానీ కంట్రోల్ స్లైడు (అమిలాయిడ్ ఉందని ముందే తెలిసిన స్లైడు) వైపు చూడలేదు. అది మాత్రం పాత మందపు కోతే, చక్కగా వెలుగుతోంది! తప్పు నాదే. అన్నీ మళ్లీ కోయించాం. అప్పటి నుంచి కంట్రోల్‌ను కూడా అదే మందంలో కోస్తున్నాం.

స్కానర్‌లో స్లైడు పెట్టి స్క్రీన్ మీద చదివేవాళ్లకు ఈ పద్ధతి మరీ అనుకూలం. మామూలు స్కాన్‌లో పోలరైజర్ తిప్పలేరు కదా. ఫ్లోరోసెన్స్ స్కాన్ అయితే దూరంగా ఉన్న మరో పాథాలజిస్ట్‌కు చూపించడం సులువు.

దీని వల్ల కానిది ఒకటే, కానీ అది చిన్నదేం కాదు. ఏ రకం అమిలాయిడో ఇది చెప్పదు. ఏఎల్ (యాంటీబాడీ తేలిక గొలుసుల నుంచి వచ్చే రకం) అయితే కీమో వైపు ఆలోచించాలి, ఏఏ (దీర్ఘకాలపు వాపు వల్ల వచ్చే రకం) అయితే వెనకున్న దీర్ఘకాలపు ఇన్‌ఫెక్షన్‌నో కీళ్లవాతాన్నో పట్టుకోవాలి. 2008లో బయటపడ్డ లెక్ట్2 (ఆ పేరున్న ప్రోటీన్ నుంచి వచ్చే) రకానికి కీమో ఇస్తే నష్టమే తప్ప లాభం లేదు. కాపా, లాంబ్డా పరీక్షలు తేల్చని కేసుల్లో నిల్వలను లేజర్‌తో కత్తిరించి మాస్ స్పెక్ట్రోమెట్రీకి (అందులో ఏ ప్రోటీన్ ఉందో తేల్చే పరీక్ష) పంపిస్తున్నాం. పారఫిన్ ముక్క చాలు, కొత్త బయాప్సీ అక్కర్లేదు. కోయాల్సిన చోటు వెతకడానికి కూడా నాకు ఆ నారింజ వెలుగే పనికొస్తోంది.