ముందే చెప్పి చూపించాలా, చెప్పకుండానా?

ఫొటో మీద అభిప్రాయం అడగడానికి రెండు పద్ధతులున్నాయి. "సైకిల్ వేగం కనిపించాలని షటర్ సెకనులో 1/30 వంతు సేపు తెరిచి ఉండేలా పెట్టాను, కుదిరిందా?" అని ముందే చెబితే, చూసేవాళ్లు "బ్లర్ అయింది" అని తీసిపారేయరు. "చక్రాలు బాగానే తిరుగుతున్నాయి కానీ ముఖం కూడా చెదిరింది, కెమెరాను మనిషితో పాటే తిప్పాల్సింది" అంటారు. మర్నాడే చేసి చూసుకోవచ్చు.

ఏమీ చెప్పకుండా చూపిస్తే దెబ్బ కాస్త గట్టిగానే తగులుతుంది. ఒకసారి నేను తీసిన పోర్ట్రెయిట్ అలా చూపిస్తే అందరి కళ్లూ మూలనున్న ఎర్ర బకెట్ మీదికే పోయాయి. తీసేటప్పుడు నేను దాన్ని చూడనే లేదు! కంపోజిషన్, అంటే ఫ్రేమ్‌లో ఏది ఎక్కడ ఉండాలన్న విషయంలో నా ఓటు దీనికే. టెక్నిక్ సందేహాలకు మాత్రం మొదటిదే మేలు. ఎలా అడిగినా, మధ్యలో సంజాయిషీ మొదలుపెట్టామా, అవతలివాళ్లు "బాగుందిలే" అని ఊరుకుంటారు.